అంతస్తుకో కుర్చీ

ఆ వేసవిలో మా లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఎక్కడో ఆగిపోయి ఉండేది. ఎప్పటినుంచి ఆగిందో అడిగితే మేడలో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పేవారు. సముద్రం మీదినుంచి గాలి వీచినప్పుడు ఆ లిఫ్టు గొట్టం కింది నుంచి పైదాకా సన్నగా మూలిగేది. మా వాల్టర్ పొద్దున్నే లేచి, కర్ర ఊతంతో గుమ్మం దాటి, మూసి ఉన్న లిఫ్టు తలుపుకి చెవి ఆనించి నిలబడేవాడు.

"పోటు మొదలైంది గ్వెన్. రాళ్ళు కదులుతున్నాయి," అనేవాడు.

నేను కిటికీలోంచి చూస్తే నిజంగానే నీళ్ళు ఒడ్డు వైపు వస్తూ ఉండేవి. ఆ మూలుగు గాలిదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా ఇద్దరం ఎప్పుడూ ఆ మాట అనుకోలేదు. ఆ వేసవంతా మా ఇంట్లో సముద్రం కిటికీలోంచి కనిపించేది, లిఫ్టులోంచి వినిపించేది, కాళ్ళకి మాత్రం అందేది కాదు.

వాల్టర్ పనిచేసినన్నాళ్ళూ ఆ ఒడ్డునే పనిచేశాడు. ఎండ కాసిన రోజున చారల గుడ్డ కుర్చీలు విప్పి వరసగా పరవడం, వచ్చినవాళ్ళకి అద్దెకివ్వడం, సాయంత్రం అన్నిటినీ మడిచి పేర్చడం. దక్షిణ ఇంగ్లండులో, హేస్టింగ్స్ పక్కనున్న మా చిన్న ఊళ్ళో ఆయన కుర్చీలో కూర్చోనివాళ్ళు లేరంటే నమ్మాలి. తను మాత్రం ఎప్పుడూ కూర్చునేవాడు కాదు. అడిగితే, కూర్చుంటే కుర్చీలు ఎవరిస్తారు అనేవాడు.

చలికాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది, మాట దక్కింది, కుడి చెయ్యీ కుడి కాలూ సగం సగం మిగిలాయి. ఆసుపత్రికి మోసుకుపోయినట్టే, తిరిగొచ్చేటప్పుడూ ఆసుపత్రి మనుషులిద్దరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లన్నీ మోసుకొచ్చి మా నాలుగో అంతస్తులో దించి వెళ్ళారు. ఆ తర్వాత ఆయన కింద కాలు పెట్టలేదు. మెట్లకి ఒకవైపే రెయిలింగు ఉంది, దిగేటప్పుడు అది కుడి చేతికి వస్తుంది. మళ్ళీ ఎవరి చేతనైనా మోయిద్దామంటే ఒప్పుకోలేదు.

"నేను సామానునా? లిఫ్టులో దిగుతాను, లేకపోతే నా కాళ్ళమీద దిగుతాను. మూడోసారి నన్ను మోసేది పెట్టెలో పెట్టే," అన్నాడు.

"సరే, ఆ పెట్టె మెట్ల మలుపులో తిరుగుతుందో లేదో చూసుకో ముందు," అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఈ వేసవి దాటితే ఇంకో వేసవి ఉంటుందో లేదో డాక్టరు చెప్పలేదు, మేము అడగలేదు. వేసవి పోయేలోగా ఒక్కసారి నీళ్ళలో కాళ్ళు పెట్టాలని ఆయన కోరిక. నాకు వేరే కోరిక ఏదీ లేదు.

మావి లీజు ఇళ్ళు. గోడల మధ్య ఉన్న గాలి మాది. గోడలూ, మెట్లూ, కప్పూ, లిఫ్టూ నేల యజమానివి. వాటిని చూసుకునే కంపెనీని పెట్టేది ఆయన, ఖర్చు భరించేది మేము. లిఫ్టు సంగతి అడిగినప్పుడల్లా ఆ కంపెనీ నుంచి ఒకటే జవాబు: కింది అంతస్తువాళ్ళు ఒప్పుకోవడం లేదండీ. కింది అంతస్తులో ఉండేది డోరీన్ హస్కెట్. లావుపాటి కుక్కా, సన్నపాటి పెదవులూ ఉన్న మనిషి. నేను ఆవిడని తలుచుకుని లోపల్లోపల పళ్ళు కొరికేదాన్ని, మెట్ల దగ్గర ఎదురైతే మాత్రం "ఇవాళ కాస్త తెరిపిచ్చింది కదండీ," అనేదాన్ని. ఆవిడ "సాయంత్రానికి మళ్ళీ పడుతుంది లెండి," అనేది. మా మేడలో అదే మర్యాద. వాన గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. డబ్బు గురించీ జబ్బు గురించీ ఎత్తకూడదు. ఒకరి గుమ్మంలోకి ఒకరు తొంగిచూడకూడదు.

ఆ వసంతంలో మొదటి అంతస్తు ఓగిల్వీ గారు, ఒకప్పటి బడిపంతులు, చట్టంలో ఒక దారి కనిపెట్టారు. మేడలో సగంమంది కలిస్తే చాలట. పాత కంపెనీని సాగనంపి, మాకు నచ్చినదాన్ని మేమే పెట్టుకోవచ్చట. అంతస్తుకి ఒకటే ఇల్లు, మొత్తం అయిదు. అందులో రెండో అంతస్తువాళ్ళు లండన్‌లో ఉంటారు, సెలవులకి తప్ప రారు. అయినా సంతకాలు కుదిరాయి. ఎండాకాలం వచ్చేసరికి పాత కంపెనీ పోయింది, కొత్తదాన్ని ఎంచుకోవడం మిగిలింది. ముగ్గురిని పిలిచాం.

"వాళ్ళని పైకి రమ్మను. మా ఇంట్లోనే మాట్లాడదాం. ఎవరెలా ఎక్కుతారో నేను చూడాలి," అన్నాడు వాల్టర్.

మొదటివాడు మూడో అంతస్తు మలుపుదాకా వచ్చి, రొప్పుతూ ఫోన్ చేసి, వివరాలన్నీ మెయిల్లో పంపిస్తానని చెప్పి వెనక్కి దిగిపోయాడు. "వీడు మనకంటే ముందే పోయేట్టున్నాడు," అన్నాడు వాల్టర్.

రెండోవాడి పేరు జూలియన్ క్రాస్బీ. చొక్కా నలగకుండా, ఊపిరి తప్పకుండా ఎక్కొచ్చాడు. వాల్టర్ ఎడమచేతిని వెతుక్కుని మరీ కలిపాడు. ఆ చిన్న సంగతికే నేను పడిపోయాను. మా కేకు తిన్నాడు, ఇంకో ముక్క అడిగాడు.

"లిఫ్టా? రెండు వారాలు చాలండీ. మా అన్నయ్యదే లిఫ్టుల కంపెనీ. నోటీసులూ గీటీసులూ అంటూ కాలయాపన చేసేవాళ్ళం కాదు మేము. ఈలోగా మెట్ల మలుపుకో కుర్చీ వేయిస్తాను, మీరు ఆగి ఆగి దిగొచ్చు సార్," అన్నాడు.

వాల్టర్ కళ్ళు వెలిగాయి. అయినా అడగాల్సింది అడిగాడు. "మేడ కప్పు బాగుచేయించారనుకోండి. ఆ పని చేసినవాడి దగ్గర మీ వాటా ఎంత?"

క్రాస్బీ తల వెనక్కి వేసి నవ్వాడు. "మీరు భలేవారు సార్! మీలాంటి సరదా మనుషులు ఇప్పుడు ఎక్కడున్నారు?"

కిందికి దిగాక అతను చాలాసేపు బయటికి రాలేదు. నేను కిటికీ దగ్గర నిలబడే ఉన్నాను. చివరికి డోరీన్ గుమ్మం దాకా వచ్చి అతన్ని సాగనంపింది. ఆ మనిషి నవ్వడం నేను చూడటం అదే మొదలు.

మూడో మనిషి ఎఫువా మెన్సా. చదునుగా ఉన్న బూట్లు, భుజాన బరువైన సంచి. కింద తలుపు గంట మోగింది. నేను టీ కాచాను. టీ చల్లారింది. మళ్ళీ కాచాను, అదీ చల్లారింది. ఏమైందోనని మెట్లమీదికి వంగి చూశాను. రెండో మలుపులో నిలబడి తలుపుని తెరిచి వదులుతోంది, అది తనంతట తను మూసుకుంటుందో లేదో చూస్తోంది. తర్వాత పైకి చూసి చెమ్మ మరకని చూసింది. రెయిలింగుని పట్టుకుని ఊపింది. లిఫ్టు తలుపు సందులోంచి లైటు వేసి చూసింది.

"ఇంతసేపా అమ్మా?" అన్నాను, వచ్చాక.

"మెట్లు చూస్తూ వచ్చానండీ. మంట తలుపులు, నిప్పు పాకకుండా ఆపేవి, రెండు మూసుకోవడం లేదు. అవి ముందు చూడాలి," అని కూర్చుంది. చల్లారిన టీనే తాగేసింది.

వాల్టర్ అదే ప్రశ్న వేశాడు. ఆవిడ నవ్వలేదు.

"ఏమీ ఉండదండీ. మాకు మీరిచ్చే ఫీజు ఒక్కటే, అదెంతో ముందే చెప్తాం. పనివాళ్ళ బిల్లులు మీలో ఎవరు ఎప్పుడడిగినా చూపిస్తాం. మావాళ్ళ కంపెనీలకి పని ఇవ్వం. ఎప్పుడైనా ఇవ్వాల్సొస్తే వాళ్ళు మావాళ్ళని ముందే చెప్పి ఇస్తాం."

"లిఫ్టు?" అన్నాను.

"నేను మెకానిక్కుని కాను. చూసినంతలో ఆ లిఫ్టుకి విడిభాగాలు దొరకవని అనుకుంటున్నాను. కొత్తది పెట్టాలి. అంత పెద్ద పనికి ఇళ్ళవాళ్ళందరికీ నోటీసివ్వాలి, వాళ్ళేమంటారో వినాలి, ఇద్దరు ముగ్గురి ధరలు చూడాలి. చట్టం అది. చట్టం లేకపోయినా అలాగే చెయ్యాలి, అందరి సొమ్ము కదా. అన్నీ సవ్యంగా జరిగితే వచ్చే వసంతానికి."

"కుర్చీలైనా వేయిస్తారా మలుపుల్లో?"

"వెయ్యకూడదండీ. మంట లేస్తే మనుషులు పరిగెత్తాల్సిన దారి అది." వాల్టర్ వైపు చూసింది. "ఎవరింట్లోంచి వాళ్ళు కుర్చీ తెచ్చి, కూర్చుని, మళ్ళీ లోపల పెట్టేసుకుంటే మాత్రం నేను అడ్డుచెప్పను. ఎడంవైపు రెయిలింగు లేదేం? అది చిన్న పని. దానికింత తతంగం అక్కర్లేదు."

ఆవిడ వెళ్ళాక కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు నేను. వసంతం అన్న మాట నా చెవిలోనే ఉండిపోయింది. ఎంత నిజాయితీపరురాలో అని అనుకోవాల్సింది పోయి, ఈ మనిషికి కాస్త అబద్ధం చెప్తే ఏం పోయింది అనుకున్నాను.

ఆ వారమంతా మంచు పొగ. సముద్రం మీద లేచి, రోడ్డు దాటి, మా కిటికీ దాకా వచ్చి నిలిచిపోయింది. ఎదురుగా ఏమీ లేదు, తెల్లదనం తప్ప. వాల్టర్ కిటికీ పక్క కుర్చీలో కళ్ళు సగం మూసుకుని కూర్చునేవాడు. నిద్రో మెలకువో తెలిసేది కాదు.

"నీలం చారలది ఇమ్మంటారా, ఆకుపచ్చదా?" అన్నాడొక మధ్యాహ్నం, ఎవరితోనో.

"నీలం," అన్నాను నేను, ఉతికిన బట్టలు మడుస్తూ.

"ఎండకి వీపు పెట్టి వేస్తానమ్మా. టోపీ జాగ్రత్త, గాలి లాగేస్తుంది," అన్నాడు. ఎడమచెయ్యి గాల్లోకి లేచి, లేని కుర్చీని విప్పి, లేని రాళ్ళమీద నిలిపి, ఊగుతుందేమో ఒకసారి తట్టి చూసింది. ఆ పొగలో, ఆ తెల్లటి వెలుగులో, నాకూ ఒక్క క్షణం ఆ కుర్చీ కనిపించింది.

మెలకువ వచ్చాక, "రెండు వారాలన్నాడు కదూ? నా తెల్ల టోపీ తీసి పెట్టు," అన్నాడు.

తీసి పెట్టాను. క్రాస్బీకే ఓటు వెయ్యాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఇందులో సంకోచించాల్సింది ఏదీ కనిపించలేదు నాకు.

ఓటింగుకి ముందు రోజు చెత్త పడెయ్యడానికి కిందికి వెళ్తే, వెనక గుమ్మం దగ్గర డోరీన్, కుక్కా ఉన్నారు.

"పొగ విడిచేట్టు లేదండీ," అన్నాను.

"రేపటికి విడుస్తుందంటున్నారు," అంది. అక్కడితో అయిపోవాలి. అవలేదు. ఆవిడ కుక్క తాడు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. "మీరు క్రాస్బీకే వేస్తారనుకుంటాను, మిసెస్ పాస్కో. మంచి మనిషి. కింది అంతస్తుదాన్ని, నేనెన్నడూ ఎక్కని లిఫ్టుకి నేనెందుకు పెట్టాలంటే, అక్కర్లేదండీ, మీ మీద పైసా పడకుండా చూస్తానన్నాడు. ఆ తర్వాత వచ్చినావిడ నా లీజు కాయితం తీసి చదివి, పడుతుంది, లీజులో ఉంది అంది. మొహం మీదే అంది."

నేను చెత్తసంచి పట్టుకుని అలాగే నిలబడ్డాను. "మాకేమో మర్నాడు ఫోన్ చేసి, అందరూ సమానంగా పెట్టుకుంటారు, డోరీన్ గారిని ఒప్పించేశాను అన్నాడే."

"నన్నా?"

"రెండు వారాల్లో అయిపోతుందన్నాడు."

"నాతో అసలిప్పట్లో లిఫ్టు ఊసే లేదన్నాడు!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కుక్క నా చెత్తసంచిని వాసన చూస్తోంది. డోరీన్ మెల్లిగా అడిగింది. "పాత కంపెనీవాళ్ళు... మీరే అడ్డుపడుతున్నారని చెప్పేవారు నాతో. చిన్న రిపేరుకి పై అంతస్తువాళ్ళు ఒప్పుకోవడం లేదు, సరికొత్త లిఫ్టే కావాలంటున్నారని."

"మాతో మీరు అడ్డుపడుతున్నారనేవారు."

ఇన్నేళ్ళు ఒకే వీధి గుమ్మంలోంచి వచ్చిపోయాం. ఒకే ఒక్కసారి, నిజమేనా అండీ అని అడిగి ఉంటే సరిపోయేది. అడగడం మర్యాద కాదు కదా! పాత కంపెనీవాళ్ళు ఆ మర్యాదని నమ్ముకుని మాకు చెరో కథ చెప్పి హాయిగా నిద్రపోయారు. నాకు వాళ్ళమీద కంటే నా మీద ఎక్కువ కోపం వచ్చింది.

"రేపు అందరి ముందూ చెప్పాలి ఇది," అన్నాను.

"అందరి ముందా?" అంది డోరీన్. నేనేదో తనని బట్టలు విప్పమన్నట్టు చూసింది.

మర్నాడు ఓగిల్వీ గారింట్లో టీ, బిస్కెట్లు. లండన్ వాళ్ళు మెజారిటీ ఎటైతే అటేనని ఫోన్లో చెప్పారు. మూడో అంతస్తు కాట్యా పసిపిల్లని ఒళ్ళో వేసుకుని వచ్చింది. రోజూ పిల్లనీ బండినీ మోసుకుంటూ మెట్లెక్కే మనిషి, ఎవరు తొందరగా లిఫ్టు తెస్తే వాళ్ళకే తన ఓటంది. అప్పుడు డోరీన్ గొంతు సవరించుకుని, మొహం ఎర్రగా చేసుకుని, క్రాస్బీ తనకేం చెప్పాడో చెప్పింది. నేను నాకేం చెప్పాడో చెప్పాను.

కాట్యా పిల్లని ఊపడం ఆపేసింది. "మెట్ల కింద గది నాకిస్తానన్నాడు, బండి పెట్టుకోవడానికి."

"అది నా పుస్తకాలకి ఇస్తానన్నాడే," అన్నారు ఓగిల్వీ గారు. ఆ తర్వాత ఆయన చాలాసేపు బిస్కెట్లు సర్దారు.

"మెన్సా గారు మీకేమన్నా ఇస్తానన్నారా?" అంది కాట్యా.

ఎవరికీ ఏమీ ఇస్తాననలేదు. మంట తలుపులు బాగుచేయిస్తానంది. అంతే.

"అయితే ఎఫువా మెన్సా గారికి ఎవరు?" అన్నారు ఓగిల్వీ గారు, పక్కకి చూస్తూ.

డోరీన్ చెయ్యి ముందు లేచింది. కాట్యా పిల్లని భుజం మార్చుకుని ఎత్తింది. నా చెయ్యి నా ఒళ్ళోనే ఉంది. ఆ చెయ్యెత్తితే ఈ వేసవికి లిఫ్టు లేదు. తెల్ల టోపీ బల్లమీద ఉంది, పైన. క్రాస్బీ అయినా లిఫ్టు తేడని ఇప్పుడు తెలుసు, తెలిసినా ఆ రెండు వారాల ఆశని నా చేత్తో నేను తుంచెయ్యాలి. బిస్కెట్టు పొడి దులుపుకుని చెయ్యెత్తాను.

పైకి వచ్చేసరికి వాల్టర్ లిఫ్టు తలుపు దగ్గర ఉన్నాడు, చెవి ఆనించి.

"ఎవరు?" అన్నాడు, తల తిప్పకుండా.

"ఆవిడే."

గాలి గొట్టంలో మెల్లిగా మూలిగింది. నేను ఏడవకూడదని మెట్లమీద కూర్చున్నాను.

"టీ చల్లారినా తాగింది చూడు," అన్నాడు చివరికి. "ఆ టోపీ లోపల పెట్టకు. అక్కడే ఉండనీ."

కొత్త లిఫ్టు ఎఫువా చెప్పిన వసంతం దాటి, మరుసటి వేసవి మొదట్లో వచ్చింది. ఆలస్యం ఎందుకైందో ఆవిడే ఇంటింటికీ వచ్చి చెప్పింది. కానీ నేను చెప్పేది లిఫ్టు లేని ఆ వేసవి మాట.

ఎఫువా మొదట మంట తలుపులు సరిచేయించింది. తర్వాత ఇద్దరు వడ్రంగులు వచ్చి మెట్లకి ఎడంవైపు, కింది నుంచి పైదాకా, కొత్త కర్ర రెయిలింగు బిగించారు. ఆ కొత్త చెక్క వాసన మేడంతా నిండింది. వాల్టర్ గుమ్మంలో నిలబడి ఎడమచేత్తో దాన్ని తడిమాడు. ఒక మెట్టు దిగాడు. మళ్ళీ ఎక్కాడు. మర్నాడు మూడు దిగాడు. ఎక్కడం కంటే దిగడమే తేలిక, కానీ మలుపు దాకా వచ్చేసరికి కాళ్ళు వణికేవి.

"కుర్చీ ఉంటే దిగిపోతాను గ్వెన్," అన్నాడు.

కుర్చీల గురించి ఎఫువా చెప్పిన మాట నాకు గుర్తొచ్చింది. ఒక్కొక్క తలుపూ తట్టాను. పెళ్ళైన కొత్తలో ఈ మేడకి వచ్చినదాన్ని, ఆ రోజుదాకా ఒక్క తలుపూ తట్టలేదు. ప్రతి గుమ్మంలోనూ వాతావరణం గురించే మొదలుపెట్టాను.

ఆగస్టు చివర, పోటు మధ్యాహ్నం నిండుగా వచ్చే రోజు చూసి బయల్దేరాడు. పోటు నిండితే నీళ్ళే గట్టు దాకా వస్తాయి, రాళ్ళమీద నడవక్కర్లేదని ఆయన లెక్క. తెల్ల టోపీ పెట్టుకున్నాడు. పొద్దున టిఫిన్ అయ్యాక మొదటి మెట్టు దిగాడు, నేను ఒక మెట్టు ముందు, వెనక్కి నడుస్తూ.

మూడో అంతస్తులో కాట్యా వంటింటి కుర్చీ తెచ్చి పెట్టుకుని నిలబడి ఉంది. ఆయన కూర్చున్నాడు. పసిపిల్ల ఆయన కర్ర పట్టుకుని వదల్లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల పాలు కాగిన వాసన. ఆ ఇంటి గోడలు పసుపురంగని అప్పుడు తెలిసింది నాకు. ఆయన లేవగానే కాట్యా కుర్చీ లోపలికి తీసుకుపోయింది.

రెండో అంతస్తు తాళం. అక్కడేం చెయ్యాలా అని ముందు రాత్రంతా ఆలోచించాను. చూస్తే, ఎవరు చెప్పారో ఏమో, ఎఫువా తన కార్లోంచి తెచ్చిన మడత స్టూలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదీ మంట దారే కదా?" అన్నాడు వాల్టర్, కూర్చుంటూ.

"మీరు లేవగానే తీసుకుపోతానండీ. లేచేదాకా నేనిక్కడే ఉంటాను," అంది.

మొదటి అంతస్తులో ఓగిల్వీ గారి తోలుకుర్చీ, టీ. ఆ కుర్చీలో వాల్టర్ కాసేపు కళ్ళు మూసుకున్నాడు. మెట్ల కిటికీలోంచి ఎండ ఆయన మోకాళ్ళ మీద పడింది. ఎవరం కదల్లేదు. కిందనుంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది, ఈసారి గొట్టంలోంచి కాదు, తెరిచిన వీధి తలుపులోంచి.

అట్టడుగున డోరీన్ నిలబడి ఉంది. ఆవిడ పక్కన చారల గుడ్డ కుర్చీ. వెలిసిపోయింది గానీ, నీలమే.

వాల్టర్ చివరి మెట్టు మీద ఆగిపోయాడు. "ఇది నా కుర్చీ."

"మీదే," అంది డోరీన్. మొహం ఓటింగునాటి కంటే ఎర్రగా ఉంది. "ఒకసారి అద్దెకి తీసుకుని, వాన పడితే ఇంటికి తెచ్చేశాను. మర్నాడు ఇద్దామంటే సిగ్గేసింది. ఆ తర్వాత మరీ సిగ్గేసింది. ఇన్నేళ్ళూ బీరువా వెనక దాచాను."

వాల్టర్ ఎంత నవ్వాడంటే రెయిలింగు రెండు చేతులా పట్టుకోవలసి వచ్చింది, కుడిచెయ్యి కూడా.

రోడ్డు దాటించాం. గట్టు మీదినుంచి పడవలు దింపే వాలు ఉంది, నీళ్ళు దాని సగందాకా వచ్చాయి. అక్కడ కుర్చీ వేసింది డోరీన్. తప్పుగా వేసింది. "కర్ర ఆ గాడిలో కాదు, కింది గాడిలో," అని ఆయన చెప్పాడు. కూర్చున్నాడు. బూట్లూ మేజోళ్ళూ నేను విప్పాను. మొదటి అల అందలేదు. రెండోది వేళ్ళని తాకింది. మూడోది చీలమండలు దాటింది. ఆయన నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు, కుడిచేత్తో.

మిగతావాళ్ళూ తమ కుర్చీలు తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. నీళ్ళు ముందుకొచ్చి, ఆగి, వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టేదాకా అలాగే ఉన్నాం. అప్పుడు నాకు తట్టింది. దిగడం గురించి అందరం ఆలోచించాం. ఎక్కడం సంగతో? చుట్టూ చూశాను. కాట్యా రాళ్ళు చూస్తోంది. ఓగిల్వీ గారు ఆకాశం చూస్తున్నారు. అందరికీ పొద్దున్నుంచే తెలుసని వాళ్ళ మొహాలు చెబుతున్నాయి. చెప్పడం బాగుండదని ఎవరూ చెప్పలేదు.

"లిఫ్టు వచ్చేదాకా నా ఇంట్లో ఉండండి మీరిద్దరూ," అంది డోరీన్, ఎవరినీ చూడకుండా. "నేను పైకి పోతాను. నా మోకాళ్ళు ఇనుము. ఇన్నేళ్ళున్నాను, పైనుంచి సముద్రం ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు."

"మరి లీజు?" అన్నారు ఓగిల్వీ గారు. అందరం ఎఫువా వైపు తిరిగాం.

"చదివి చెప్తాను," అంది ఎఫువా.

ఓగిల్వీ గారు నవ్వడం అందరం అదే మొదటిసారి చూశాం.

"ఇవాళ్టికి చుట్టాలుగా ఉండొచ్చు. దానికి చదవక్కర్లేదు," అంది ఆవిడ, తనూ నవ్వుతూ.

ఎండ వాలింది. గట్టు మీద గాలి చల్లబడింది. కాట్యా లేచి తన కుర్చీ ఎత్తింది, ఓగిల్వీ గారు లేచారు. వాల్టర్ పాత అలవాటుగా రెండు చేతులూ కుర్చీ అంచుల మీద ఆనించి లేవబోయాడు. సాయంత్రమైంది, మడవాలి కదా.

డోరీన్ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ మిస్టర్ పాస్కో అనే మనిషి.

"నువ్వు కూర్చో వాల్టర్. ఇవాళ మడిచేది మేం."